చెంచా పిడి కోసం సూరత్ దాకా: బల్లమీది మోల్డింగ్ మిషన్ మనలాంటి వాళ్లకు పనికొస్తుందా?

మా చెల్లెలు సుజాత హనుమకొండలో, చేతుల్లో పట్టు తక్కువగా ఉన్న పిల్లలకు చికిత్స చేసే ఒక కేంద్రంలో పనిచేస్తుంది. ఆ పిల్లలు సొంతంగా అన్నం తినాలంటే చెంచా కాడకు లావుపాటి పిడి ఉండాలి. బ్యాంకు ఉద్యోగం అయ్యాక త్రీడీ ప్రింటర్ ముందు కూర్చోవడం నాకు సరదా కాబట్టి, ఆ పిడులు చాలాకాలంగా నేనే చేసి ఇస్తున్నాను. ప్రింటర్ ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పేరుస్తుంది. ఆ పొరల సందుల్లో మెతుకులు ఇరుక్కుంటాయి, కడిగి కడిగి కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. పోయిన వేసవిలో ఒక పాప చేతిలో పిడి చీలి, అంచు అరచేతికి గీరుకుంది. గాయం చిన్నదే. కానీ ఆ పాప వారం దాకా చెంచా ముట్టుకోలేదు. సుజాత విరిగిన ముక్కలు తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, మెత్తగ, అతుకు లేకుంట చెయ్యగలిగితే చెయ్యి. లేదంటె చెప్పు, వేరే దారి చూసుకుంట" అంది. చేస్తాననే చెప్పాను.

అప్పటికే మా నలుగురు మిత్రుల బృందంలో బల్లమీద పెట్టుకునే మోల్డింగ్ మిషన్ గురించి చర్చ నడుస్తోంది. ప్లాస్టిక్ గింజలను కరిగించి అచ్చులోకి ఒత్తితే, చల్లారాక వస్తువు ఒక్క ముక్కగా బయటికొస్తుంది. ఫ్యాక్టరీల్లో గదంత ఉండే యంత్రానికి ఇది పిల్ల రూపం. ధర మాత్రం పిల్లది కాదు, మూడు లక్షల పైమాట. పండుగ తగ్గింపు ఇస్తామని సూరత్‌లోని ఒక అమ్మకందారు చెప్పడంతో మావాళ్లు టోకెన్ కట్టడానికి సిద్ధపడ్డారు. నా పిడి ఆ మిషన్లో తయారై నా చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దని నేను పట్టుబట్టాను. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇరవై ఎనిమిది వేలు పెట్టి అల్యూమినియం అచ్చు చేయించాను. దాన్ని పాత తువ్వాల్లో చుట్టి, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కాను. థర్డ్ ఏసీకి పదిహేను వందల పైచిలుకు అయింది. మరుసటి ఉదయం పది దాటాక సూరత్‌లో దిగాను.

స్టేషన్ నుంచి షోరూమ్ ఉన్న అడాజన్‌కు బీఆర్టీఎస్ బస్సు చవక. చేతిలో అచ్చు బరువు ఉండటంతో నేను నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. వంతెన మీద తాపీ నది దాటి, అపార్ట్‌మెంట్ల వరసల మధ్య దిగాక, వీధి చివరి బండి దగ్గర లోచో తిన్నాను. నానబెట్టి రుబ్బిన శనగపప్పుతో చేసే మెత్తటి పిండి వంటకం అది, పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. షోరూమ్ పక్క సందులోనే ఉంది. అమ్మకందారు యాభై దాటిన మర్యాదస్తుడు. "ఆవో బేన్" అని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మిషన్ ఆన్ చేశాడు. కాసేపటికి చిన్న తాళంచెవి బిళ్లలు టకటకా రాలడం మొదలైంది. ఒక్కో బిళ్ల అద్దంలా ఉంది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకూ కొనేయాలనిపించింది.

తువ్వాలు విప్పి నా అచ్చు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది వేయడం కుదరదన్నాడు. బయటి అచ్చు వల్ల ప్లాస్టిక్ చిమ్మే మిషన్ ముక్కు దెబ్బతింటే బాధ్యత ఎవరిదన్నాడు. అది న్యాయమైన మాటే. పాడైతే ఖర్చు నేనే భరిస్తానని రాసిస్తానన్నాను. ఆయన నవ్వి, "బేన్, లే జావో, సబ్ బనేగా" అన్నాడు. తీసుకెళ్లండి, అన్నీ అవుతాయని. నేను కదలకపోయేసరికి, తగ్గింపు సాయంత్రం ఆరు దాకానే అని గుర్తుచేశాడు.

బయటికొచ్చి శ్రీధర్‌కు ఫోన్ చేశాను. మా బృందంలో అందరికన్నా ఆత్రం అతనిదే.

"ఇంకేంది ఆలోచన? మిషన్ మంచిగనే ఉందంటున్నవ్ గద, టోకెన్ కొట్టెయ్" అన్నాడు.

"వాళ్ల బిళ్ల మంచిగ వచ్చింది. మన పిడి ఇంకా రాలే."

"ఆరు దాటితే రేటు పెరుగుతది మరి."

"పెరగనియ్యి" అని పెట్టేశాను.

నా మొండితనం వల్ల నలుగురికీ నష్టం వస్తే ఏం చెప్పాలి? అయితే నా దగ్గర ఇంకో చిరునామా ఉంది. ఆన్‌లైన్లో మా తయారీదారుల గ్రూపులో పరిచయమైన రజిత అదే మిషన్ వాడుతుందని, సూరత్ శివారు భేస్తాన్‌లో ఉంటుందని తెలిసే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఆటోకు రెండువందల ఎనభై. ఉధనా దగ్గర ట్రాఫిక్ వల్ల ముప్పావుగంట పైనే పట్టింది. భేస్తాన్‌లో ఆటో దిగగానే మగ్గాల చప్పుడు వినిపించింది. రజిత అమ్మానాన్నలు సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె పుట్టి పెరిగిందంతా సూరత్‌లోనే.

"దూరం నుంచి వచ్చినవ్, ముందుగాల తిను బిడ్డా. మిషన్ యాడికి పోదు" అని వాళ్లమ్మ అన్నం, పచ్చిపులుసు, వేయించిన పెసరపప్పు పెట్టింది. గుజరాత్‌లో ఆ పచ్చిపులుసు నాలుక మీద పడేసరికి సగం అలసట తీరింది.

మిషన్ వెనక గదిలో ఉంది. కిటికీకి పెద్ద ఫ్యాను బిగించి ఉంది, గోడకు విడిగా లావు వైరు లాగి ఉంది. జాకెట్ తాళ్లకు వేలాడే కుచ్చుల్లోకి పూసలు చేసి చీరల మార్కెట్‌కు ఇస్తుంది రజిత. ఈ మిషన్ కొనొచ్చా అని సూటిగా అడిగాను.

"ఉత్త షౌఖ్‌కే, సరదాకే కొన్న అక్కా. ఆర్నెల్లు మూలకు పడ్డది" అంది. "ప్రింటర్ల అయితే దిల్ మారినప్పుడల్లా డిజైన్ మార్చుకోవచ్చు. దీంట్ల మార్చాలంటె మళ్ల కొత్త అచ్చు, డై, చేయించాలె, మళ్ల అంతే ఖర్చు. ఈ ఒక్క పూసకు ఆర్డర్ దొరికినంకనే ఇది నడుస్తుంది. నీ డిజైన్ ఇగ మారదా?"

"మారదు. పిల్లలు పట్టుకుని చూసి ఖాయం చేసిందే" అన్నాను.

"మరి ఎయ్యి, చూద్దాం."

నేను చెప్పి ఉంచినందుకు రబ్బరులాంటి మెత్తటి ప్లాస్టిక్ గింజలు, వాళ్ల భాషలో దానా, పొద్దుటి నుంచి ఓవెన్లో ఆరబెట్టి ఉంచింది. తడి ఉంటే బుడగలొస్తాయట. మిషన్ వేడెక్కడానికే అరగంట పట్టింది. అచ్చు బిగించి మొదటిది ఒత్తాం. తెరిస్తే సగం పిడే ఉంది. వేడి పెంచి రెండోది వేశాం. ఇంకాస్త నిండింది, కొన మాత్రం లేదు. మూడోదాన్ని ఎక్కువ ఒత్తిడితో వేస్తే అచ్చు అంచుల నుంచి ప్లాస్టిక్ కారింది, కొన మళ్లీ లేదు. రజిత ఆ ముక్కను తక్కెడలో వేసి తల అడ్డంగా ఊపింది. "బస్ అక్కా. దీని పొట్టల పట్టేదే ఇంత. నీ పిడి దానికంటె పెద్దగుంది."

నేను నేల మీదే కూర్చుండిపోయాను. అచ్చుకు పెట్టిన డబ్బు, సుజాతకు ఇచ్చిన మాట, రెండూ కళ్లముందు తిరిగాయి. గడియారం నాలుగు దాటింది. వాళ్లమ్మ తెచ్చిన చాయ్ చల్లారిపోతోంది. కొలత పోల్చుకోవడానికి తెచ్చిన పాత ప్రింటర్ పిడులు బ్యాగులోంచి తీసి ఊరికే చూస్తూ ఉన్నాను. మిషన్ పట్టేంతే పడుతుంది, సరే. లోపల నింపాల్సిన ఖాళీనే తగ్గిస్తే? రజితను కత్తి, గరుకు కాగితం అడిగాను. ఒక పాత పిడిని చుట్టూ చెక్కి సన్నగా చేసి, గరుకుగా రుద్ది, అచ్చు మధ్యలో నిలబెట్టాను. లోపల గట్టి పిడి, పైన మెత్తటి తొడుగు. మొదటిసారి అది పక్కకు ఒరిగింది. రెండు కొసలా అచ్చుకు ఆనేలా ఇంకో పాత పిడిని చెక్కి, మళ్లీ ఒత్తాం.

రజిత అచ్చు తెరిచింది. పిడి నిండుగా ఉంది. పొర లేదు, గీత లేదు, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. "అరే వాహ్!" అని రజిత నా వీపు మీద ఒక్కటి చరిచింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

ఆరు కాకముందే శ్రీధర్‌కు ఫోన్ చేసి, కొనట్లేదని చెప్పాను. పిడి వచ్చిందని కూడా చెప్పాను. "వచ్చినంక గూడ ఎందుకు కొనవ్?" అని గట్టిగానే అరిచాడు. మాకు కావలసినవి కొన్ని వందల పిడులు. రజిత మిషన్ మీద కొన్ని ఆదివారాల పని. మేం కొంటే, ఆ తర్వాత అది మా ఇంట్లో మూలన పడి ఉంటుంది. అచ్చును రజిత దగ్గరే వదిలి, గంటకింత అని అద్దె మాట్లాడుకున్నాను. లోపలి పిడులు నేను ప్రింట్ చేసి కొరియర్లో పంపుతాను, ఆమె తొడుగు వేసి పంపుతుంది. మొదటి విడతలో కొన్నింటికి తొడుగు ఊడింది, నేను సరిగ్గా రుద్దనందువల్ల. తర్వాత వచ్చినవి కేంద్రంలో రోజూ వాడుతున్నారు. శ్రీధర్ నాతో మాట్లాడటానికి నెల పట్టింది.

ఆ మిషన్ చెడ్డదని నేను అనను. ఒకే వస్తువును వందలకొద్దీ చేసేవాళ్లకు, అచ్చుల ఖర్చుకు వెనుకాడనివాళ్లకు అది మంచి తోడు. వారానికో కొత్త ఆలోచన వచ్చే మనలాంటి వాళ్లకు ప్రింటరే నయం. ఆ తేడా నాకు షోరూములో తెలియలేదు, మూడు సగం పిడులు చేశాకే తెలిసింది. మంచి పని చేయడానికి యంత్రం మన ఇంట్లోనే ఉండాలని అనుకునేదాన్ని. ఇప్పుడు దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఒక వెనక గదిలో నా అచ్చు ఉంది, దాని గురించి నాకు ఏ దిగులూ లేదు.

మీరూ ఇలాంటి పని మీద సూరత్ వెళ్లేటట్టయితే, టికెట్ తీసుకునే ముందు మీరు చేయాలనుకున్న వస్తువును వంటింటి త్రాసులో తూచండి. మీరు వాడబోయే ప్లాస్టిక్ ఒక్క ఒత్తుకు ఎన్ని గ్రాములు పడుతుందో అమ్మకందారును ఫోన్లోనే అడగండి. మీ వస్తువు అంతకంటే బరువైతే, ముందు దాని లోపలి భాగం ఎలా తగ్గించాలో ఆలోచించుకుని అప్పుడు రైలెక్కండి.