సల్మాబాద్ బస్సులో అమెరికా గొడవ

గిడియోన్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. అమెరికా నిలువునా రెండుగా చీలిపోతోంది, సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఒక్కడికీ చీమ కుట్టినట్టైనా లేదు! అమెరికా ఆయన చూసింది లేదు, చూడబోయేదీ లేదు. అమలాపురం పక్కనుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా బహ్రెయిన్‌లో కంపెనీ బస్సు తోలుతున్నాడు. అయినా అక్కడెవడో జెండాకి లేచి నిలబడకపోతే ఇక్కడ ఈయనకి టిఫిన్ సయించదు.

పొద్దున్నే ఫోన్‌లో ఒక అమెరికా ముసలాయన ఉపన్యాసం వింటాడు. క్లీనింగ్ డ్యూటీ వాళ్లని సీఫ్ ఏరియాలో దించేలోపు దాన్నంతా తెలుగులో దంచేస్తాడు.

"యల్లా, ఎక్కండెహె! అమెరికాలో ఏం జరిగిందో తెలుసా? కొంప మునిగింది!"

ఆయనది కుడిపక్షం. కుటుంబం, చర్చి, దేశం, ఈ మూడూ ఉంటే చాలంటాడు. కాదన్నవాడల్లా ఎడమపక్షమే. ఏసీ తగ్గించమన్నవాడు కూడా ఎడమపక్షమే!

"కుడి కుడి అంటవ్, మరి నీ స్టీరింగ్ ఎడమదిక్కున్నదేందే అన్నా?" అన్నాడోసారి జగిత్యాల లింగన్న.

"బండి కంపెనీదిరా. బుర్ర నాది!"

బస్సంతా నవ్వింది. ఈమధ్య మాత్రం లింగన్నకి నవ్వు రావడం లేదు. ఊళ్లో సర్పంచి ఎన్నికలొచ్చాయి. లింగన్న బాబాయి కొడుకు ఒకవైపు, బామ్మర్ది ముత్తన్న మేనమామ ఇంకోవైపు. పదకొండు ఓట్లతో మేనమామ గెలిచాడు. ఇక్కడ ఒకే గదిలో ఉంటున్న బావా బామ్మర్దులకి మాటలు పోయాయి. గదిలోకి రెండో పొయ్యి వచ్చింది.

గదికి ఒకటే పొయ్యి అన్నది క్యాంపు రూలు. క్యాంపు బాస్ సత్యప్రసాద్ ఆదివారం పొద్దున వచ్చి చూసి ఉగ్రుడైపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి తీర్పు చెప్పాడు. "శుక్రవారం మళ్లీ వస్తా. రెండో పొయ్యి కనపడిందా, ఖలాస్! ముత్తన్న ఆ చివరున్న హిద్ద్ క్యాంపుకే!"

ముత్తన్న అంత దూరం పోతే ఇంట్లో ఏం చెప్పుకోవాలని లింగన్నకి బెంగ పట్టుకుంది. పిల్లగాణ్ణి తానే వెంటబెట్టుకొచ్చాడు. "నా తమ్ముడు పైలం" అని భార్య ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుతుంది. అయితే మాత్రం? ముందు తనే ఎందుకు మాట్లాడాలి!

సోమవారం బస్సులో గిడియోన్ అందుకున్నాడు. "వింటున్నారా? అక్కడ పండక్కి టర్కీ కోడి వండుకుని, ఓట్లు వేరని అన్నదమ్ములే ఒక బల్ల దగ్గర కూర్చోవట్లేదంట! తప్పంతా ఎడమపక్షం వాళ్లదే!"

లింగన్నకి మండింది. "తప్పంత ఒక్క దిక్కే ఉంటదా?"

వెనక సీట్లోంచి ముత్తన్న ఎగిరాడు. "గట్ల అడుగు బావా! మీ ముసలాయన గాళ్లను తిట్టనిదే నీళ్లు సుత ముట్టడు గదనే!"

బావా అన్నాడు! ఇరవై రోజుల తర్వాత అన్నాడు! ఇద్దరూ ఉలిక్కిపడి చెరో కిటికీలోంచి బయటికి చూశారు.

"జగిత్యాలోళ్లకి అమెరికా గురించి ఏం తెలుసురా?" అన్నాడు గిడియోన్. "దమ్ముంటే రేపు రుజువు పట్రండి!"

జగిత్యాలనే అంటాడా! ఆ సాయంత్రం ముత్తన్న ఫోన్‌లో అమెరికా వీడియోలు పెట్టాడు. లింగన్న పప్పు కలుపుతూ తొంగి చూశాడు. "బావా, ఇది చెప్పు రేపు. నోరు మూస్తడు!" మంగళవారం గిడియోన్ నోరు మూయలేదు. బుధవారం అసలే మూయలేదు. గురువారం బస్సు మొత్తం వీళ్ల వైపు తిరిగింది, గిడియోన్ ఒక్కడే ఒక పక్షం. ఓడినవాడిలా కాక పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడాయన!

శుక్రవారం సత్యప్రసాద్ వచ్చేసరికి పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. ఒకటే పొయ్యి. రెండోది అట్టపెట్టెలో మంచం కింద ఉంది.

"మొత్తానికి మీ డ్రైవర్ అన్నంత పనీ చేశాడయ్యా," అన్నాడు సత్యప్రసాద్. "ఆదివారమే పంపించేద్దామనుకున్నా. 'నాలుగు రోజులియ్యండి సార్, ఆళ్లిద్దర్నీ ఒక్కటిగా నాతో కొట్లాడిత్తా' అని ఒకటే బతిమాలాడు."

లింగన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. గిడియోన్ అప్పుడే చర్చిలో సెలవురోజు ప్రార్థన ముగించుకొచ్చి, ఇస్త్రీ చొక్కాతోనే బస్సు అద్దాలు తుడుస్తున్నాడు.

"అన్నా! గదంత కావాలనే చేసినవా?"

"అబద్ధాలాడానంటావేంట్రా? నేనన్న ప్రతి మాటకీ కట్టుబడున్నా. మా ముసలాయన చెప్పిందే కరెక్టు!"

"మరి నాల్గు దినాలు ఎందుకడిగినవ్?"

గిడియోన్ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. "అంత పెద్ద దేశాన్ని నేనేం అతకగలన్రా? మీ గదైతే దగ్గరే కదా."

 లింగన్న ఆయన చేతిలోని గుడ్డ లాక్కుని, రెక్క పట్టుకుని గదికి తీసుకుపోయాడు. ముత్తన్న అప్పటికే మూడో కంచం పెట్టాడు.

"కూసో అన్నా."

"కుడిపక్కనే కూర్చుంటా," అన్నాడు గిడియోన్.

ఇద్దరూ ఎడమకి జరిగి చోటిచ్చారు.