శృంగం అంటే కొమ్ము

కండక్టరమ్మకు వారమంతా నోటితో పని, ఆదివారం చేతులతో పని. బస్సులో "ముందుకు జరగండి, ఇంకా జరగండి, తలుపు దగ్గరే నిలబడితే ఎక్కేవాళ్ళు మీ నెత్తినెక్కాలా?" అని అరిచి అరిచి శనివారానికల్లా గొంతు బొంగురుపోతుంది. ఆదివారం ఆ గొంతుతో అవసరం లేదు కాబట్టి సరిపోయింది. చర్చిలో ముందు వరుస బెంచీకి ఎదురుగా స్టూలు వేసుకుని, పాస్టరుగారి నోటి వెంట వచ్చే ప్రతి మాటనూ సైగల్లోకి దించి చెల్లెలికి అందించాలి. చెల్లెలికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినబడవు.

చూసేవాళ్ళకు అదెంతో ముచ్చటగా ఉంటుంది. "ఎంత మంచి సేవమ్మా, చూస్తుంటే కళ్ళు చెమర్చాయి" అంటారు బయటికొచ్చాక. కండక్టరమ్మ నవ్వి ఊరుకుంటుంది గానీ లోపల పళ్ళు కొరుకుతుంది. కళ్ళు చెమర్చడం తేలికే. శైలము, దుర్గము, కేడెము అంటూ ఆయన గుక్క తిప్పుకోకుండా చదువుకుపోతుంటే, ఒక్కొక్కదానికీ అరక్షణంలో ఒక సైగ వెతుక్కోవడం ఎంత చావో ఎవరికి తెలుసు? కేడెము అంటే డాలు అని తెలియక ఆమె చాలాకాలం దానికి తలుపు గడియ చూపించింది. దేవుడు గడియ లాంటివాడు అంటే చెల్లెలు కూడా బుద్ధిగా తలూపింది. తలుపేసి కాపాడతాడు కాబోలు అనుకుని ఉంటుంది.

ఈ సైగల్లో సగం బడిలో నేర్పినవి, సగం అమ్మ కనిపెట్టినవి. అమ్మ పోతూ పోతూ "నా తర్వాత దాని నోరు నువ్వేనే" అని పెద్దకూతురి చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పింది. పెద్దవాళ్ళకేం, ఎంత పెద్ద బరువునైనా ఒక్క ముక్కలో అప్పగించి చక్కా వెళ్ళిపోతారు. ఆ నోరు ఎన్ని మాటలు మోయాలో, ఎన్ని మాటలు మింగాలో మాత్రం చెప్పరు.

చెల్లెలు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసేది. పైపలక కిందికి దిగే ముందు గంట మోగుతుంది, ఎర్ర బల్బు వెలుగుతుంది. గంట అందరికీ, బల్బు చెల్లెలికి. ఒకరోజు బల్బు మాడిపోయి ఉంది. గంట మాత్రం మోగింది. దుప్పటి ముడత సరిచేస్తున్న చెల్లెలి కుడిచెయ్యి పలక కింద పడింది. డాక్టర్లు చేతిని నిలబెట్టారు గానీ వేళ్ళు మునుపటిలా వంగడం లేదు. ఇంకొకరికైతే చెయ్యి కాలిందంటారు. చెల్లెలికి కాలింది నాలుక. ఇప్పుడు ఆమె నీళ్ళు అడిగితే ఇల్లు అన్నట్టుంటుంది, అన్నం అంటే ఇంకేదో అన్నట్టుంటుంది. ఒక మాటను మూడుసార్లు మొదలుపెట్టి, అక్కకు కూడా అర్థంకాక, చివరికి విసిగిపోయి చెయ్యి శాలువా కింద దోపుకుంటుంది.

అదే సమయానికి పాస్టరుగారు "దేవుడు ఎలాంటివాడు" అని వారం వారం వరుస ప్రసంగాలు మొదలుపెట్టారు. బైబిల్లో దేవుణ్ణి దేనితో దేనితో పోల్చారో ఒక్కొక్కటీ విడమరిచి చెబుతున్నారు. మంచి ఆలోచనే, కాదనలేం. కానీ చెల్లెలు కట్టు విప్పించుకుని మొదటిసారి చర్చికి వచ్చిన రోజునే, పీఠం పక్కన బోర్డు మీద ఆయన ఏం రాయించారయ్యా అంటే, దేవుడు దహించే అగ్ని అని.

పాస్టరుగారు అగ్ని గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు. కండక్టరమ్మ చేతులు ఒళ్ళోకి వచ్చి అక్కడే ఉండిపోయాయి. చెల్లెలు ఒకసారి అక్కను చూసింది, ఒకసారి పాస్టరుగారి పెదవులను చూసింది, తర్వాత బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంది. ఆమెకు చదువు అంతంతమాత్రమే. కానీ అగ్ని అనే మాట బాగా తెలుసు. లాండ్రీ గోడ మీద, ఎర్ర సిలిండరు పైన, అగ్ని ప్రమాదం అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది.

ఇంటికి రాగానే చెల్లెలు సంచీ కింద పెట్టకుండానే అడిగింది, ఎడమచేత్తో. "ఎందుకు ఆపేశావు? ఆయన నోరు ఆడుతూనే ఉంది."

"చెయ్యి నొప్పెట్టింది," అని కండక్టరమ్మ సైగ చేసింది.

"అబద్ధం. బోర్డు మీద చదివాను. దేవుడు నిప్పా?"

కండక్టరమ్మ గబగబా చేతులు కదిపింది. "అలాంటి నిప్పు కాదే. బంగారాన్ని కరిగిస్తారు చూడు, మురికి పోవాలని, ఆ నిప్పు."

చెల్లెలు శాలువా తీసి కుడిచెయ్యి అక్క ముఖం ముందు పెట్టింది. "దీంట్లో మురికెక్కడుంది? చూపించు."

అక్క తల తిప్పుకుంది. చెల్లెలు గడ్డం పట్టుకుని మళ్ళీ తనవైపు తిప్పింది, చూడకపోతే వినిపించదు కదా. "ఇవాళ నిప్పు. చెయ్యి కాలకముందు బండ. అంతకుముందు కోట, కొండ. అన్నీ రాళ్ళే. రాయికి చెవుల్లేవు, నాకూ లేవు. ఇద్దరు చెవిటివాళ్ళం ఏం మాట్లాడుకుంటాం అక్కా? నేను ఆయనతో మాటలు మానేశాను. వచ్చే ఆదివారం ఒక్కసారి వస్తాను, నీ మొహం చూసి. తర్వాత నన్ను పిలవకు."

చర్చికి రాకపోతే కొంపేమీ మునగదు, ఆ సంగతి కండక్టరమ్మకూ తెలుసు. ఆమెను కలవరపెట్టింది దేవుడితో మాటలు మానేశాననడం. పడుకునే ముందు మంచం మీద కూర్చుని దేవుడితో కబుర్లు చెప్పుకోవడం చెల్లెలికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ కబుర్లలో సగం అక్క మీద చాడీలే. ఉప్పెక్కువ వేసిందనీ, కొత్త చెప్పులు అడక్కుండా వేసుకుపోయిందనీ. అక్క నిద్ర నటిస్తూ అన్నీ చూసేది, నవ్వాపుకోలేక దుప్పటి కొరుక్కునేది. ఆ చేతులు ఈ మధ్య కదలడం లేదు. లోకంలో చెల్లెలు మాట్లాడేది ఇద్దరితోనే. ఒకరితో మానేసింది. రెండోవాళ్ళతోనూ రోజురోజుకీ పొదుపు చేస్తోంది. ఇలాగే వదిలేస్తే పూర్తిగా మూగబోతుందని అక్కకు దడగా ఉంది.

ఆ వారమంతా బస్సు ఆగిన చోటల్లా కండక్టరమ్మ వెనక సీట్లో కూర్చుని బైబిలు తిరగేసింది. రాయి కానిది, నిప్పు కానిది ఏదైనా ఒక్కటి దొరక్కపోతుందా అని. దొరకడమేం, కుప్పలుగా దొరికాయి. దొరికినదాన్ని దొరికినట్టు సాయంత్రం ఇంటికి మోసుకెళ్ళి చెల్లెలి ముందు పరిచేది.

దేవుడు గొర్రెల కాపరి అంటే, "చివరికి గొర్రెని ఏం చేస్తారో నాకు తెలీదా?" అని చెల్లెలు కూర తరుగుతూ కత్తితోనే సమాధానం చెప్పింది. పిల్లల్ని రెక్కల కింద దాచుకునే కోడి అంటే కాస్త ఆగింది, ఆ పోలిక నచ్చినట్టే కనబడింది. అంతలోనే పెదవి విరిచింది. ఇస్త్రీ పలక పడితే కోడీ కాలుతుంది, పిల్లలూ కాలతాయి. దేవుడు కుమ్మరి, మనం మట్టి అనేదాన్ని కండక్టరమ్మ చూపించబోయి సగంలోనే నాలుక కరుచుకుంది. కుండ పగిలింది ఎవరి చేతిలో అని అడిగితే తన దగ్గరేముంది చెప్పడానికి? ఇక మిగిలింది తల్లి. కన్నబిడ్డను తల్లి మరిచినా నేను మరవను అని దేవుడు అన్నాడట. ఇదైతే తిరుగులేదనుకుంది. అమ్మకు వాళ్ళింట్లో ఉన్న సైగనే వాడి, ఎంతో ఆశగా చూపించింది.

"అమ్మ అయితే ముందు బల్బు చూసేది," అంది చెల్లెలు. అని అటు తిరిగి పడుకుంది.

కండక్టరమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెల్లెలి మీద కాదు. ఇన్ని పోలికలు రాసినవాళ్ళ మీద, వాటిని మైకులో చదివేవాళ్ళ మీద, ఒక్కటైనా సరిగ్గా అతికించలేని తన చేతుల మీద. ఆ మర్నాడు బస్సులో చిల్లర లేదన్న పాపానికి ఒక పెద్దమనిషిని దులిపేసింది. పాపం ఆయన రోజూ ఎక్కేవాడే.

శనివారం డ్యూటీ దిగి సరాసరి చర్చికి వెళ్ళింది. పాస్టరుగారు, మైకు తాత ఇద్దరూ పీఠం దగ్గర వైర్లు ముందేసుకుని కూర్చున్నారు. మైకు తాత అంటే సంఘంలో అందరికంటే పెద్దాయన. మైకును ఇంకొకరిని ముట్టుకోనివ్వడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

"రేపు ఏం చెబుతారు అయ్యగారూ? ముందే తెలిస్తే నేను సిద్ధపడతాను," అంది కండక్టరమ్మ.

"కీర్తనల్లోంచమ్మా. శైలము, కోట, దుర్గము, రక్షణ శృంగము..."

"మళ్ళీ రాళ్ళేనా?"

పాస్టరుగారు వైరు వదిలేసి తలెత్తారు. "రాళ్ళేమిటమ్మా?"

"శైలం అంటే బండరాయి. కోటా దుర్గమూ రాళ్ళతో కట్టేవి. శృంగమంటే కొండ కొన. మా చెల్లి దేవుణ్ణి అడిగితే నేను రాళ్ళ క్వారీ చూపిస్తున్నానండీ!"

పాస్టరుగారు నవ్వేశారు. "శృంగం ఇక్కడ కొండ కాదమ్మా. కొమ్ము. ఎద్దుకుంటుంది చూడు, ఆ కొమ్ము. బలానికి గుర్తు."

కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి చెబితే మీ సొమ్మేం పోయేదండీ? కొమ్మును కొమ్ము అంటే నోరేమన్నా పడిపోతుందా?"

"అందరికీ తెలుసనుకున్నానమ్మా," అన్నారాయన చిన్నబోయి.

"నేనూ కొండే అనుకుంటున్నా అయ్యగారూ," అన్నాడు మైకు తాత, పళ్ళ మధ్య స్క్రూ పెట్టుకుని.

కండక్టరమ్మ కోపం తగ్గలేదు. "ఒక దేవుడికి ఇన్ని పోలికలెందుకండీ? సరిగ్గా సరిపోయేది ఒక్కటి రాస్తే పోయేదిగా?"

"ఏ ఒక్కటీ సరిపోలేదు కాబట్టే అన్ని రాశారమ్మా."

"సరిపోనివాటితో నేనేం చేసుకోను? ఇంటికెళ్ళి దానికేం చూపించను?"

పాస్టరుగారు మళ్ళీ వైరు చేతిలోకి తీసుకున్నారు. తప్పించుకోవడానికి ఏదో ఒకటి అనకపోవడం ఒక్కటే ఆమెకు ఆయనలో ఆ పూట నచ్చిన విషయం.

ఆదివారం చెల్లెలు అన్నమాట ప్రకారం వచ్చింది. ముందు బెంచీలో కూర్చుంది గానీ, అక్క చేతుల వైపు సగం చూపే పెట్టింది. పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. బండ వచ్చింది, కండక్టరమ్మ బండ చూపించింది. కోట వచ్చింది, కోట చూపించింది. చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. శృంగం వచ్చింది. కండక్టరమ్మ బెంచీని తట్టి చెల్లెలి చూపు తనవైపు లాక్కుని, రెండు చూపుడువేళ్ళూ కణతల దగ్గర నిలబెట్టి, తల వంచి, నిండు చర్చిలో ఎద్దులా ముందుకు విసిరింది.

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. మైకు తాత గాభరాగా వంగి వంగి నడుస్తూ స్టూలు దగ్గరికి వచ్చాడు. "దేవుడికి కొమ్ములేమిటే తల్లీ! పిల్లల బొమ్మల పుస్తకంలో కొమ్ములు సాతానుకి కదా ఉండేవి!"

"నిన్న నువ్వూ విన్నావుగా తాతా!"

"వినడం వేరు, చూపించడం వేరు. చెయ్యి దించు ముందు."

ఆమె దించలేదు. చెల్లెలు ఇప్పుడు కళ్ళార్పకుండా చూస్తోంది. "మళ్ళీ చూపించు," అంది. కండక్టరమ్మ మళ్ళీ చూపించింది.

"ఎద్దా?"

"ఎద్దు కొమ్ము. ఇన్నాళ్ళూ నీకు కొండ అని తప్పు చెప్పాను. తనవాళ్ళ జోలికి ఎవరన్నా వస్తే ఊరుకోడు. పొడుస్తాడు."

"పొడుస్తాడా?"

"అని రాసి ఉంది."

చెల్లెలి ముఖం తేటపడుతుందని కండక్టరమ్మ అనుకుంది. తేటపడలేదు. చెవుల దాకా ఎర్రబడింది. ఆమె లేచి నిలబడింది, శాలువా జారి బెంచీ మీద పడింది, పట్టించుకోలేదు. చూపు అక్క మీద నుంచి పైకి లేచి, పీఠం దాటి, ఆ వెనక గోడకు పైనున్న కిటికీ దగ్గర ఆగింది. రెండు చేతులూ ఎత్తింది.

"నీకు కొమ్ములున్నాయా? మరి ఏం చేశావు వాటితో? బల్బు మాడిపోయింది. గంట నాకు వినపడదు, నీకు వినపడుతుందిగా! ఎక్కడున్నావు? ఎక్కడున్నావు నువ్వు?"

కుడిచెయ్యి మొరాయించింది. నువ్వు అనే సైగ వంకర పోయింది. చెల్లెలు ఆపలేదు, సరిగ్గా వచ్చేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ వేసింది, వచ్చాక ఇంకా గట్టిగా వేసింది. గొంతులోంచి ఎవరూ ఎప్పుడూ వినని మొరటు శబ్దాలు వస్తున్నాయి. పిల్లల నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారు చదవడం ఆపేశారు.

కండక్టరమ్మకు మొదట సిగ్గేసింది, తర్వాత భయం వేసింది. అలవాటు కొద్దీ చెల్లెలి మాటను జనానికి చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడు తట్టింది ఆమెకు. చెల్లెలు దేవుణ్ణి తిడుతోంది. కడుపులో ఉన్నదంతా కక్కి మొహం మీదే తిడుతోంది. ఎన్నాళ్ళకు, ఎన్నాళ్ళకు ఆయనతో మాట్లాడుతోంది! కండక్టరమ్మ కళ్ళు నిండిపోయాయి. తెరిచిన నోరు మూసుకుని, స్టూలు చేత్తో పట్టుకుని, చెల్లెలికీ ఆ కిటికీకీ మధ్య అడ్డం లేకుండా గోడవారకు తప్పుకుంది.

"ఏమంటోందమ్మా చెల్లి?" అని అడిగారు పాస్టరుగారు మెల్లగా.

"మనతో కాదండీ," అంది కండక్టరమ్మ.