మారెన్ షవర్‌కి నలభై ఒక్క పేర్లు

ఆర్డిస్ ట్వేట్‌కి మా ఊళ్ళో ఎవరూ ఏ పెద్దరికమూ కట్టబెట్టలేదు. అయినా కెనడాలోని సస్కచెవాన్ గోధుమ పొలాల మధ్య మూడు వందల గడప ఉన్న ఈ ఊళ్ళో, పెళ్లికి ముందు ఆడవాళ్ళంతా చేరి పెళ్లికూతురికి కానుకలిచ్చే షవర్ ఆమె చేతి మీదుగా జరగకపోతే ఏదో వెలితిగా ఉండేది. ముప్పై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. నలభై మందికి షవర్ చేయమంటే ఆమెకు కావలసింది మూడు డజన్ల గుడ్లు, ఆరు పెద్ద బ్రెడ్లు, చర్చి కింది హాలు తాళంచెవి. మిగతాదంతా ఊరే మోసుకొస్తుంది.

"ఖర్చు పెట్టి చేయడానికి తెలివెందుకే, డబ్బుంటే చాలు," అనేది. బల్లల మీద పరిచేవి తన ఇంటి తెల్ల దుప్పట్లే, ఇస్త్రీ చేసి. పూలు ఎవరి కంచె మీద విరగబూస్తే వాళ్ళవి, ముందు కోసుకుని తర్వాత అడిగేది. ఖాళీ జాం సీసాలే పూలకుండీలు. ఒక్కో ఇల్లాలు ఒక్కో పళ్ళెం తీపి తేవాలి, కానీ ఎవరు ఏది తేవాలో ఆర్డిస్ ముందే ఫోన్ చేసి చెప్పేది. లేకపోతే ఏడుగురు నిమ్మకాయ బిళ్ళలే పట్టుకొస్తారని ఆమెకు అనుభవం. గుమ్మం దగ్గర ప్రతివాళ్ళ చేతా ఒక ఖాళీ కవరు మీద వాళ్ళ చిరునామా రాయించేది, పెళ్లికూతురు తర్వాత కృతజ్ఞతల ఉత్తరాలు రాసేటప్పుడు వెతుక్కోకుండా.

ఒక్క విషయంలో మాత్రం పట్టిన పట్టు విడిచేది కాదు. షవర్‌కి పిలిచినవాళ్ళను పెళ్లికి పిలిచి తీరాలి. అందుకే పెళ్లికూతురి తల్లి దగ్గర జాబితా తీసుకుని, అందులో ఉన్నవాళ్ళకే కబురు పెట్టేది. ఒకసారి బ్యాంకు మేనేజరు భార్య షవర్‌కి అరవై పేర్లిచ్చి పెళ్లికి ముప్పై మందినే పిలుస్తానంటే, ఆ కాగితం ఆమె వంటింటి బల్ల మీదే పెట్టి వచ్చేసింది. "కానుక పుచ్చుకుని భోజనానికి తలుపేసుకోవడం సిగ్గుమాలిన పని," అని మొహం మీదే అంది. ఆమె మంచితనంలో అంత కారం ఉండేది.

మారెన్ సంగతికి వస్తాను. బస్సులో ఆఖరి స్టాపు ఆ పిల్లదే. తండ్రి ఎప్పుడో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు, తల్లి లోర్నా పక్క ఊరి ఆస్పత్రిలో షిఫ్టులు చేసేది. ఒక జనవరి సాయంత్రం మైనస్ ముప్పైలో ఆరేళ్ళ పిల్లను తాళం వేసిన ఇంటి ముందు దింపడానికి ఆర్డిస్‌కి మనసొప్పలేదు. బస్సు తిప్పి తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఒక్క సాయంత్రం పదకొండేళ్ళయింది. మారెన్ ఎక్కాలు ఆ వంటింట్లోనే వల్లె వేసింది, బంగాళదుంప రొట్టె లెఫ్సా చేయడం అక్కడే నేర్చుకుంది, మొదటిసారి ఒకడు మనసు విరిచినప్పుడు అక్కడి బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చింది. లోర్నా ఎప్పుడూ మాట తూలలేదు, కాదనను. వచ్చి, కృతజ్ఞత చెప్పి, పిల్లను తీసుకెళ్ళేది.

ఆ మారెన్‌కి సస్కటూన్ నగరంలోని లాయరు కుర్రాడితో పెళ్లి కుదిరింది. ఏప్రిల్లో లోర్నా ఫోన్ చేసింది.

"పెళ్లికే అంతా ఊడ్చుకుపోతోంది ఆర్డిస్. షవర్ సింపుల్‌గా కానిచ్చేద్దాం. నీ అంత చవగ్గా, నీ అంత చక్కగా ఎవరు చేస్తారు చెప్పు?"

"నువ్వు అడక్కపోతే నేనే తగువు పెట్టుకునేదాన్ని," అంది ఆర్డిస్. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడి తనలో తను నవ్వుకుంది.

జాబితా వచ్చింది. నలభై ఒక్క పేర్లు. ఆర్డిస్ పక్కింటి గుడ్రున్‌ని కూర్చోబెట్టుకుని ఎవరు ఏ తీపి తేవాలో రాసుకుంటోంది. గుడ్రున్‌కి ఎనభై దాటాయి, చెవులు మందగించాయి గానీ కళ్ళు కావు.

"నీ పేరేదే ఇందులో?"

"నేను చేసే షవర్‌కి నాకు నేనే కబురు పెట్టుకోవాలా? చాదస్తం నువ్వూనూ."

"ఇది పెళ్లి జాబితాలోంచి తీసింది కదుటే?"

"మా మారెన్ పెళ్లికి నాకు కాగితం కావాలా గుడ్రున్? నోర్మూసుకుని నీ ఖర్జూరం బిళ్ళల సంగతి చూడు."

అలా కొట్టిపారేసింది గానీ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. మేలో పెళ్లి పిలుపులు వచ్చాయి. వెండి అక్షరాల కార్డు. ఊళ్ళో ప్రతి ఫ్రిజ్ మీదా అదే. ఆర్డిస్ రోజూ పోస్టాఫీసుకి వెళ్ళింది, పెట్టెలో కరెంటు బిల్లు, విత్తనాల కంపెనీ పుస్తకం తప్ప ఏమీ లేదు. మారెన్ చేత్తో తెచ్చి ఇస్తుందిలే అనుకుంది. దగ్గరివాళ్ళకి అలాగే కదా ఇస్తారు. కొత్త బూట్లు తెప్పించుకుంది, లేత నీలం గౌను తనే కుట్టుకుంది. ఎక్కడ కూర్చోబెడతారో కూడా ఊహించుకుంది పిచ్చిది, లోర్నా వెనక వరసలో, నడవ పక్కన.

షవర్ జూన్ మొదటి శనివారం మధ్యాహ్నం. లైలాక్ పూలు ఆ వారమే విచ్చుకున్నాయి. అంచులు కోసిన గుడ్డు శాండ్‌విచ్‌లు, ఊరబెట్టిన దోసకాయలు, కాఫీ, పదిహేడు రకాల తీపి. హాలంతా ఆడవాళ్ళ కేకలే. మారెన్ కానుకలు విప్పుతుంటే ఆ రిబ్బన్లన్నీ కాగితం పళ్ళేనికి గుచ్చి టోపీ చేసి ఆమె నెత్తిన పెట్టారు.

"రిబ్బను కత్తిరించకే, విప్పు! ఎన్ని తెంపితే అంతమంది పిల్లలు!" అని గుడ్రున్ అరిచింది.

"ఇప్పటికి ఆరుగురు," అంది ఎవరో.

"లాయరుగారికి చెప్పండే, పెద్ద వ్యాను కొనుక్కోమని!"

ఆర్డిస్ కానుక ఆఖరున వచ్చింది. ఆమె అమ్మమ్మ నార్వే నుంచి తెచ్చుకున్న, లెఫ్సా తిరగేసే కర్ర, చేతి పట్టుకి నున్నగా అరిగింది. మారెన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో నిమిరింది. రిబ్బన్ల టోపీతోనే లేచి వచ్చి ఆర్డిస్ మెడ కావలించుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగింటికి జనం పలచబడ్డారు. లోర్నా కానుకలు కారులో సర్దుతోంది. ఆర్డిస్ హాలు పక్క వంటగదిలో కప్పులు కడుగుతుంటే మారెన్ తుడిచేందుకు గుడ్డ తీసుకుని వచ్చింది, చిన్నప్పటిలాగే. ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేనని ఆర్డిస్‌కి అనిపించింది.

"బంగారం, నా కార్డు పోస్టులో ఎక్కడో పోయినట్టుంది."

"ఏం కార్డు ఆంటీ?"

"పెళ్లి కార్డే."

మారెన్ నవ్వింది. "నీకు కార్డెందుకు? నువ్వెలాగూ ఉంటావుగా!"

ఆర్డిస్ గుండె తేలికపడింది. రెండు నెలల ముల్లు ఒక్క క్షణంలో ఊడిపోయింది. అంతలో మారెన్ జేబులోంచి ఫోన్ తీసి చూపించింది.

"ఇదిగో, నీ పేరే మొదట పెట్టాను చూడు. డాన్సులయ్యాక రాత్రి ఫలహారం ఉంటుంది కదా, బన్నులు, మాంసం, ఊరగాయలు. వంటగదికి నువ్వే పెద్ద. నీతో పాటు చర్చి వాళ్ళు నలుగురు. వడ్డించే కిటికీలోంచి డాన్సు బాగా కనిపిస్తుంది ఆంటీ, నేను వెళ్ళి చూశా."

ఆర్డిస్ కొళాయి కట్టేసింది. "చర్చిలోకి?"

"చర్చి చిన్నది కదా... హాల్లో తొంభై మందికే చోటు. పెళ్లికొడుకు నాన్నగారి ఆఫీసు వాళ్ళే ఇరవై ఇద్దరు, వాళ్ళని కాదనలేం. అమ్మ, నేనూ ఎంత తలబద్దలు కొట్టుకున్నామో!"

"మీ అమ్మ ఒత్తిడి అయి ఉంటుందిలే," అంది ఆర్డిస్. ఆమెకి ఆ ఒక్క మాట నిజమైతే చాలు. లోర్నా మీద కోపం పెట్టుకుని బతికేయగలదు.

"ఛ, అమ్మ నీ పేరు రాసింది. నేనే తీసేశా." పిల్ల కప్పు తుడుస్తూనే ఉంది, ఏ కల్మషమూ లేకుండా. "ఆంటీ ఏమీ అనుకోదమ్మా, ఆవిడకి ఊరికే కూర్చోవడం అసలు గిట్టదు అన్నా. నిజమే కదా?"

చలిలో దింపలేక బస్సు తిప్పిన రోజు, ఆ పదకొండేళ్ళ సాయంత్రాలు, అన్నీ కలిసి ఈ పిల్ల మనసులో తనని ఎక్కడ నిలబెట్టాయో ఆర్డిస్‌కి అర్థమైంది. ఎవరో పరాయివాళ్ళు చేసిన అవమానమైతే నోటికొచ్చినట్టు తిట్టి ఉండేది. ఇది తన వంటింట్లో పెరిగిన పిల్ల, ఆర్డిస్ మనసంతా తనకు తెలుసనుకుంటోంది.

చేతులు తుడుచుకుని ఏప్రన్ విప్పింది. కడగాల్సిన కప్పులు ఇంకా సగం ఉన్నాయి.

"నేను రాను మారెన్."

"ఎక్కడికి?"

"నీ పెళ్లికి. కార్డు ఉంటే చర్చిలోకి వచ్చేదాన్ని. వంటగదిలోకి రాను."

మారెన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఆర్డిస్ ఎదురుచూసింది. ఒక్క మాట. పొరపాటైంది ఆంటీ అన్నా చాలు, అయ్యో అన్నా చాలు, ఆ నలుగురు చర్చివాళ్ళలో కలిసి బన్నులకి వెన్న రాయడానికి కూడా ఆమె సిద్ధమే, నాకు తెలుసు.

"మరి శాండ్‌విచ్‌లు ఎవరు చేస్తారు?" అంది మారెన్.

"కార్డు అందినవాళ్ళలో ఎవరినైనా అడుగమ్మా," అని ఆర్డిస్ తన సంచీ తీసుకుంది.

మెట్లు ఎక్కి పైకొచ్చింది. కారు దగ్గర లోర్నా ఏదో పిలిచి అడిగింది, వినిపించుకోలేదు. చర్చి దాటి, పోస్టాఫీసు దాటి, తన ఇంటి మలుపు తిరిగాక గానీ ఆమెకి ఏడుపు రాలేదు.