ఓడ బొమ్మ చూపించిన టీచరమ్మ

పోయిన శుక్రవారం మా చెల్లెలు అల్లూరు నుంచి వచ్చి, బస్సు దిగీదిగకముందే చెప్పింది. "అక్కా, మన సైన్సు టీచరమ్మ పోయినారే."

కొడవలూరు బస్టాండులో అలాగే నిలబడిపోయాను. ఆమెకు చాలాకాలంగా ఆయాసం ఉందని తెలుసు. అయినా నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "ఎట్టా?" అని. ఏ సంగతి విన్నా ఆమె ముందుగా అడిగేదీ అదే. ఆమె దగ్గర చదువుకున్న మా అందరికీ ఆ అలవాటు అంటుకుంది.

మా ఊరు అల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి మిషన్ బడిలో నేను హైస్కూలు చదువుతున్నప్పుడు నెల్లూరులో ఒక ఇంగ్లీషు బొమ్మ ఆడుతోందని తెలిసింది. మొదటి ప్రయాణంలోనే మంచుకొండను గుద్దుకుని మునిగిపోయిన ఒక పెద్ద ఓడ కథ అది. నిజంగా జరిగిన కథ. టీచరమ్మ మా క్లాసు ఆడపిల్లలందరినీ తీసుకుపోతానన్నారు. పాస్టరుగారికి అది నచ్చలేదు.

"ఆడబిడ్డల్ని సినిమాకి తీసకపోతావా అమ్మా?"

"సినిమా కోసరం కాదయ్యగారూ. అంత ఓడ ఎట్టా మునిగిందో చూసేదానికి. మీరు కూడా రండి."

ఆయన వచ్చారు. మాకు భాష తెలియదని టీచరమ్మ కథంతా ముందురోజే చెప్పి ఉంచారు. అయినా ఓడ ఒక పక్కకు వాలి, జనం పరుగులు తీస్తుంటే మేమంతా వెక్కివెక్కి ఏడ్చాం. పాస్టరుగారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు. టీచరమ్మ మాత్రం ముందుకు వంగి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. తిరుగు బస్సులో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది పాస్టరుగారే.

సోమవారం ఆమె ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తెచ్చారు. లోపల అడ్డంగా రేకు గోడలు అతికించి ఉన్నాయి. బడి వెనక నీళ్లతొట్టిలో దాన్ని తేల్చి, మొదటి గదిలో చెంబుతో నీళ్లు పొయ్యమన్నారు. డబ్బా ముక్కు కిందికి దిగింది. నీళ్లు గోడ మీదుగా పొర్లి రెండో గదిలోకి పోయాయి, అక్కడినుంచి మూడో దాంట్లోకి. మేం చూస్తుండగానే మునిగింది.

"గోడలు కట్టినారు గాని పైదాకా కట్టలా. చూసినారా?" అన్నారామె.

అప్పుడే ఒక పిల్ల అడిగింది. "టీచర్, బొమ్మ తీసేదానికి నిజం ఓడని ముంచినారా?"

"నాకు తెలీదే. మంచి ప్రశ్న. చూద్దాం రా."

ఆ వారమంతా అదే పని. మోకాళ్ల మీద కూర్చుని, కాగితం గొట్టంలోనుంచి ఒంటికంటితో డబ్బాను చూస్తే అది నిజం ఓడంత కనిపించేది. అయితే ఎవరైనా నీళ్లలో చెయ్యి పెట్టి కదిలిస్తే చిందిన చుక్క ఓడ పొగగొట్టమంత ఉండేది. గుట్టు బయటపడేది. "ఓడని చిన్నది చెయ్యొచ్చు, నీటిచుక్కని చిన్నది చెయ్యలేం!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. బొమ్మలో చుక్కలు ఎంత పెద్దగా ఉన్నాయో మాలో ఎవరికీ గుర్తు లేదు. మళ్లీ చూద్దామంటే నెల్లూరులో అప్పటికే బొమ్మ మార్చేశారు.

ఆమె అంతటితో వదల్లేదు. బొమ్మలో తాళం వేసిన గేటు వెనక నిలబడిపోయిన బీదజనం ఆమె మనసులోనుంచి పోలేదు. మా ఊళ్లో మేడ ఉన్న కట్టడం బడి ఒక్కటే. పై గదిలో విరిగిన బెంచీలు పెట్టి తాళం వేసి ఉంచేవారు. టీచరమ్మ పోయి ఆ తాళంచెవి అడిగారు.

"పిల్లలు పైకెక్కి కిందపడితే ఎవరమ్మా జవాబు చెప్పేది?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"సముద్రం పొంగితే కిందుండే వాళ్లకి ఎవరు చెప్తారు మేడం?"

ఆ మాటకు ఆవిడకు కోపం వచ్చింది. కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఒకరోజు ఆవిడే తొట్టి దగ్గరికి వచ్చి, చెంబు అందుకుని డబ్బాలో నీళ్లు పోశారు. అది మునిగేదాకా చూసి వెళ్లిపోయారు. మర్నాడు తాళంచెవి వరండాలో మేకుకు వేలాడుతోంది.

అప్పటినుంచి ప్రతి ఏడూ వానలకు ముందు బడిపిల్లలూ, చేపలు పట్టే పల్లెకారుల వాడ వాళ్లూ వరసగా మేడ ఎక్కి దిగేవారు. ఊరు దాన్ని 'టీచరమ్మ ఓడాట' అని నవ్వుకుంది.

నేను ట్రైనింగు ముగించి అదే బడిలో చేరిన ఏడు పెద్ద తుపాను వచ్చింది. మధ్యాహ్నానికి ఉప్పునీళ్లు వీధుల్లోకి ఎక్కాయి. వాడ వాడంతా ఎవరూ పిలవకుండానే బడికి వచ్చి మేడెక్కింది. ఒక్క ముసలవ్వ మాత్రం సగం దారిలో వెనక్కి తిరిగింది. ఆమెను మళ్లీ ఎవరూ చూడలేదు.

ఇంతమంది బతికారని అందరూ టీచరమ్మకు దణ్ణం పెడుతుంటే, ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆ అవ్వ కొడుకు దగ్గరికి వెళ్లారు.

"మీ అమ్మ ఎందుకు వెనక్కి పోయింది నాయనా?"

"ఇప్పుడు అడిగి ఏం లాభం టీచరమ్మా?" అని అతను విసురుగా అన్నాడు.

"ఇంకొకరు అట్టా పోకుండా ఉండేదానికి."

అతను ఇసుకలో చతికిలబడ్డాడు. "మేక ఈనేదానికి ఉండాది. దాన్ని వదల్లేకపోయింది" అన్నాడు. టీచరమ్మ అతని పక్కనే కూలబడి ఏడ్చారు. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

మరుసటి ఏడు ఓడాటలో మేకలూ కోళ్లూ మేడెక్కాయి. ఈసారి ఊరు నవ్వలేదు.

పెళ్లయి కొడవలూరు వచ్చాక ఆమెను చూడటం తగ్గింది. ఆఖరిసారి వెళ్లినప్పుడు మాట మాటకూ ఊపిరి అందడం లేదు. అయినా, "ఆ బొమ్మ నెల్లూరికి మళ్లా వచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను. "వస్తే చుక్కలు చూడు. నాకు చెప్పు" అన్నారు. చెబుతానన్నాను. ఇప్పుడు ఆ బొమ్మ వచ్చినా చెప్పడానికి ఆమె లేరు. చూడటం మాత్రం చూస్తాను.

మర్నాడు చెల్లెలితో ఊరికి పోయాను. సమాధుల దొడ్డిలో ప్రార్థన అయ్యాక, బస్సుకు ఇంకా పొద్దుందని ఒక్కదాన్నే సముద్రం ఒడ్డుకు నడిచాను. గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపల వేటకు అంతకంటే మంచి రోజు దొరకదు. ఆ రోజు పోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదట. అయినా వాడలోని తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, పక్కపక్కన, ఎండిన వలలతో. వాటి మీద కాకులు అటూ ఇటూ తిరుగుతున్నాయి.