ఖాళీ బిళ్ళల అట్టలు

వందనాలు సహోదరులారా, సహోదరీలారా. పోయినేడు ఇదే మైకు పట్టుకుని నేను చెప్పిన సాక్ష్యం తప్పు. ముందు ఆ సంగతి ఒప్పుకున్నాకే దేవుణ్ణి స్తుతిస్తాను.

నా కూతురు సునీత మీకు తెలుసు, నరసరావుపేటలో డిగ్రీ చదివే పిల్ల ఉన్నట్టుండి పుస్తకాలు మూసేసి, గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకునేది, వెళ్ళి చూస్తే మా బర్రె తప్ప ఎవరూ లేరు! దయ్యమన్నారు, నూనె రాశాం, ఉపవాసాలున్నాం. పేటలో డాక్టరుగారు మాత్రం, ఇది స్కిజోఫ్రీనియా అనే మెదడు జబ్బమ్మా, ఆ మాటలు పిల్లకు నిజంగానే వినపడతాయి, నటన కాదు, బిళ్ళలు మానొద్దు అన్నారు. మూడు నెలలు వేసుకుంది, నెమ్మదించింది. నేనేం చేశాను? స్వస్థత వచ్చేసిందని, ఇంకా మింగితే విశ్వాసం లేనట్టేనని, బిళ్ళలన్నీ ఒలిచి సాగర్ కాలవలో పోసి, ఖాళీ అట్టలు తెచ్చి ఇక్కడ ఎత్తి చూపించాను. మీరంతా చప్పట్లు కొట్టారు!

నెల తిరక్కముందే, మిరపకోత నుంచి వచ్చి అన్నం కలిపి పెడితే, నా బిడ్డ కంచం నెట్టేసి నా మొహంలోకి చూసి, "నువ్వు మా అమ్మవి కాదు. మా అమ్మ వేషమేసుకొచ్చావ్. మా అమ్మనేం జేశావే, చెప్పు!" అంది. అయ్యో, నేను కన్న పిల్ల! విషం కలిపానని నాలుగు రోజులు నా చేతి ముద్ద ముట్టలేదు.

పాస్టరమ్మగారి దగ్గర పడి ఏడిస్తే, ఆమె సంచిలోంచి తన షుగర్ బిళ్ళలు తీసి, "ఇవి వేసుకునే గదమ్మా నీకోసం మోకాళ్ళూనేది. నాకు లేని తప్పు నీ బిడ్డకేంది?" అంది. "ప్రభువా, దయ్యం బిడ్డలో లేదయ్యా, గర్వం నాలో ఉంది, నన్ను విడిపించు" అని ప్రార్థించాను. పేట డాక్టరుగారి దగ్గరికి పోదామంటే, పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని పిల్ల ఆటో ఎక్కింది, నన్ను మాత్రం పక్కన కూర్చోనియ్యలేదు.

మళ్ళీ మందులు మొదలెట్టిన ఆరు వారాలకు, నేను పొయ్యికాడ ఉంటే వెనక నుంచి, "అమ్మా, ఆకలేస్తంది" అంది. దేవునికే మహిమ! గోడ అవతలి ఆ తిట్లు పూర్తిగా పోలేదు, చిన్నగా వినపడతాయంట, వినపడితే దాచకుండా నాకు చెబుతుంది, నేను కూడా దయ్యమని అరవను.

మీ ఇళ్ళలో ఇలాంటి బిడ్డను తలుపేసి దాచుంటే, ప్రార్థన చెయ్యండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి, రెండూ ఆయన ఇచ్చినవే, నమ్మండి. ఇవిగో, ఈరోజు కూడా ఖాళీ అట్టలే తెచ్చాను. ఈసారి కాలవలో పొయ్యలేదు, నా బిడ్డ వేళకు వేసుకుంది. చప్పట్లు ఇప్పుడు కొట్టండి.