భత్యం లేనిదే కూర్చోని ఒడువో తాత

మా ఒడువో తాత డబ్బివ్వందే కూర్చోడు. పడుకుంటాడు, నడుస్తాడు, గోడకి చేరగిలబడతాడు, అవన్నీ ఉచితమే. కూర్చోవడానికి మాత్రం రేటుంది.

ఇదంతా రేడియో వల్ల వచ్చింది. ఒకరోజు ఒజ్వాంగ్ టీ కొట్టులో మేమంతా వార్తలు వింటున్నాం. మా కౌంటీ సభ్యులకి, అంటే జిల్లా సభకి మేం ఎన్నుకున్నవాళ్ళకి, జీతం కాక, సభలో కూర్చున్న ప్రతిసారీ 'కూర్చునే భత్యం' అని ఇంకొంత ఇస్తారట. ఇచ్చింది చాలక పెంచమంటున్నారట. తాత చేతిలో టీ గ్లాసుతో బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చుంటే డబ్బులిస్తారా? ఒరే ఒజ్వాంగ్, అంటే ఇన్నేళ్ళూ నీ బల్ల మీద నేను ధర్మానికి కూర్చున్నానా?"

"టీ తాగడానికి కూర్చున్నావు తాతా."

"వాళ్ళకి టీ కూడా ఇస్తారు. రేడియోలో చెప్పాడుగా."

ఆ లేచిన మనిషి మళ్ళీ కూర్చోలేదు. ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రార్థన ముగించి అందర్నీ కూర్చోమన్నారు. తాత మధ్యలో స్తంభంలా నిలబడ్డాడు.

"కూర్చో సోదరా."

"భత్యం ఎవరిస్తారు పాస్టరుగారూ? మీరా, పైవాడా?"

"ఆయన పరలోకంలో ఇస్తాడులే."

"అయితే అక్కడే కూర్చుంటా."

మంగలి దగ్గరా అంతే. నిలబడే జుట్టు కత్తిరించమన్నాడు. మంగలి పొట్టివాడు, చేపల పెట్టె బోర్లించి దాని మీదికెక్కి కత్తిరించాడు. పెట్టె కదిలినప్పుడల్లా తాత జుట్టులో ఒక మెట్టు పడింది. మటాటు వ్యానులో సీటు ఖాళీగా ఉన్నా నడుం వంచుకుని నిలబడేవాడు. ఒకప్పుడు ఆ వ్యాన్లకే కండక్టరు, తలుపు పట్టుకుని వేలాడుతూ వయసంతా గడిపేశాడు. అలవాటు పోలేదు పాపం అనుకునేవాళ్ళం.

చావింటికి వెళ్తే పెద్దవాళ్ళకని చేతుల కుర్చీ తెచ్చి వేస్తారు. "ఎంతిస్తారు?" అని అక్కడా బేరమే. ఏమీ ఇవ్వం అంటే, "అయితే ఉచితంగా కూర్చునే వెర్రిబాగులవాళ్ళు ఎవరో ఒకరు కూర్చోండి" అని పక్కనున్న మనిషిని రెక్కపట్టుకుని అందులో కుదేసేవాడు. ఏడుస్తున్న ఇంటివాళ్ళకి కూడా నవ్వాగేది కాదు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. బస్టాండు దగ్గర నాది వేయించిన చేపల అంగడి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాత నా పొయ్యి ముందు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన్ని చూసి బేరానికొచ్చినవాళ్ళకీ కాలు నిలిచేది కాదు, సగం తిన్న చేప చేత్తో పట్టుకుని లేచిపోయేవాళ్ళు.

"తాతా, నీకు దణ్ణం పెడతా, కూర్చో."

"దణ్ణాలతో కడుపు నిండదే అమ్మాయ్. గౌరవనీయుల్ని అడుగు, చెప్తారు."

గౌరవనీయులంటే కౌంటీ సభలో మా వార్డు సభ్యుడు మగానా. మనిషి చెడ్డవాడని అనను. కానీ ఆ ఏడు ఆయన చేసిన పనికి మా ఊరు ఊరంతా కుతకుత ఉడికింది. మా ఆస్పత్రిలో పురుళ్ళ గదికి గాలివానకి పైకప్పు లేచిపోయింది. అప్పట్నుంచి నొప్పులొస్తే మోటారుసైకిలెక్కి గోతుల దారిలో పట్నం పోవాల్సిందే. మా పక్కింటి అకెయో దారిలోనే కనేసింది. దారిలో పుట్టాడు కనక మా వాళ్ళ ఆచారం ప్రకారం పిల్లాడికి ఒయో అని పేరు పెట్టారు. వాడు బతికాడు కాబట్టి పేరు చెప్పుకుని నవ్వుకున్నాం. మా చెల్లెలు అవూర్‌కి అప్పుడు ఏడో నెల. తొలిచూలు. నాకు నవ్వు రాలేదు, నిద్రా పట్టేది కాదు.

పైకప్పుకని డబ్బు మంజూరైంది. ఆ డబ్బుతో గౌరవనీయులు కొందరు సభ్యుల్ని వెంటేసుకుని విదేశాలకి వెళ్తామన్నారు. ఎందుకయ్యా అంటే, అక్కడి పురుళ్ళ గదులు ఎలా ఉంటాయో చూసి నేర్చుకోవడానికట.

"వాటికి పైకప్పుంటుంది," అంది అవూర్. "నేను చెప్పేశాగా, ఇంక విమానం ఎందుకు?"

డబ్బు ఇలా మళ్ళించాలంటే జనం ఒప్పుకోవాలని రూలు ఒకటుంది. అందుకని బడి మైదానంలో షామియానా వేసి, రేడియోవాణ్ణి కూడా పిలిపించారు. ప్లాస్టిక్ కుర్చీలు, మనిషికో చల్లటి సోడా, ఓ రొట్టె. ఊరంతా నిప్పులు కక్కుతూ వచ్చింది. ఎండ మండిపోతోంది, సోడా చల్లగా ఉంది. తిట్టుకుంటూనే తాగాం. తాత ఒక్కడే సోడా ముట్టలేదు, గుంజ పక్కన నిలబడి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

మగానా మైకు అందుకుని తియ్యగా మాట్లాడాడు. చివర్లో తన కుర్చీలో కూర్చుని, "ఈ యాత్ర వద్దనేవాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు.

ఎవరు లేస్తారు? పిల్లల బడి ఫీజుల సాయం ఆయన చేతిమీదుగానే రావాలి. పక్కనే ఊరి చీఫ్, ఎవరు లేస్తారా అని కళ్ళు చికిలించి చూస్తున్నాడు. నేనూ లేవలేదు. పక్కన అవూర్ పొట్ట మీద చెయ్యి వేసుకుని నా మొహంకేసి చూసింది. నేను సోడా సీసాకేసి చూశాను.

"ఒక్కరు నిలబడ్డారండీ," అన్నాడు తలలు లెక్కపెడుతున్న గుమాస్తా, తాతని చూపించి.

మగానా నవ్వాడు. "ఆయన్ని లెక్కెయ్యకు. ఆయనెప్పుడూ నిలబడే ఉంటాడు."

జనం కూడా నవ్వారు. తాత నవ్వలేదు.

"నేను లెక్కలోకి రానా?"

"కూర్చుని లేస్తే వస్తావు తాతా."

తాత గడ్డం గోక్కున్నాడు. "సరే. కూర్చుంటా. కుర్చీ ఏది?"

అంతే, షామియానా మొత్తం లేచింది. పెద్దవాడు కుర్చీ ఏదని అడిగితే చిన్నవాళ్ళు కూర్చునే ఉండటం అనేది మా ఊళ్ళో ఏ తల్లీ నేర్పలేదు. మెదడు ఆలోచించేలోపే కాళ్ళు లేచేశాయి. "నాది తీసుకో తాతా", "ఇటు రా తాతా, నీడగా ఉంది" అంటూ వందల కుర్చీలు ఆయన వైపు జరిగాయి. సీసాలు దొర్లాయి. తాతకంటే చిన్నవాడు కాబట్టి చీఫూ లేచాడు. గౌరవనీయుల నడుమైతే సగం దాకా లేచి, సంగతి గుర్తొచ్చి ఆగింది. ఎంతైనా ఆయనా ఒక తల్లి కన్నబిడ్డే.

తాతకి తొందరేం లేదు. ఒక కుర్చీకి పగులుందన్నాడు. ఇంకోటి తొక్కి చూశాడు. మూడోదాని రంగు నచ్చలేదన్నాడు. ఆ బేరం సాగుతుండగా రేడియోవాడు మైకులో, "ఊరు ఊరంతా వ్యతిరేకంగా లేచి నిలబడింది" అని చెప్పేస్తున్నాడు. అప్పుడు చూసుకున్నాం, మేం నిలబడి ఉన్నామని.

"కూర్చోండి, అందరూ కూర్చోండి," అన్నాడు మగానా చెమట తుడుచుకుంటూ.

నడుం మీద చేతులు పెట్టుకుని అవూర్ అడిగింది. "ఎంతిస్తారు?"

ఒజ్వాంగ్ అందుకున్నాడు, నేనూ అందుకున్నాను. ఇక షామియానా అంతా అదే మాట. ఒక్కరూ కూర్చోలేదు.

ఆ యాత్రని తాను మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నానని సాయంత్రం వార్తల్లో గౌరవనీయులే సెలవిచ్చారు. పైకప్పు రేకులు లారీలో వచ్చాయి.

గది సిద్ధమయ్యాక అవూర్‌ని చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బెంచీ నిండా జనం. తాత మోకాళ్ళ మందుకోసం వచ్చి నిలబడున్నాడు. నర్సమ్మ ఆయన కోసం లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"గెలిచావుగా తాతా, ఇక పంతం మాని కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. రెండు మోకాళ్ళూ పట్టుకుని, "అమ్మయ్యా" అని కళ్ళు మూసుకున్నాడు. అవి ఎంత వాచి ఉన్నాయో అప్పుడు చూశాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడ పట్టుకుని అవూర్.

"ఇలా కూర్చో తల్లీ."

"అయ్యో, మీ కుర్చీలోనా? తప్పు తాతా."

"పర్లేదు, రా."

"మీరు నిలబడితే నేను కూర్చుంటానా? జనం ఏమనుకుంటారు?"

తాత ఒక్క ఉదుటున లేచి ఆస్పత్రి అదిరేలా అరిచాడు. "ఏం నర్సమ్మా, భత్యం ఇవ్వకుండా కూర్చోబెడతావా? నన్నేమనుకున్నావు? ఈ కుర్చీ నాకొద్దు. ఉచితంగా కూర్చునే వెర్రిబాగులది ఇదిగో, దీనికియ్యి." రెక్క పట్టుకుని అవూర్‌ని అందులో కుదేశాడు. అది నవ్వుతూ కూర్చుండిపోయింది. పిచ్చి తాత వదిలేసిన కుర్చీలో కూర్చుంటే ఎవరికీ తప్పు కాదు కదా.

చావు ఇళ్ళలో ఆ చేతుల కుర్చీల్లో కూలబడ్డదెవరో నాకు వరసగా గుర్తొచ్చింది. చంకలో పిల్ల ఉన్న అకెయో. రాత్రంతా ఏడ్చి సొమ్మసిల్లిన విధవరాలు. ఒకసారి, జ్వరంతో ఉన్న నేను. ఇంత మంచివాడిని ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర విసుక్కున్నందుకు సిగ్గేసింది.

"తాతా, నీ మోకాళ్ళు..." అన్నాను మెల్లిగా.

"నీ నోరు మూస్తావా లేదా?"

"మూస్తాలే. నా భుజం మీద ఆనుకో."

"ఎంతిస్తావు?"

"వేయించిన చేప. తలకాయతో సహా."

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, బరువంతా నా మీద వేశాడు.