నేరేడు చెట్టు మీద ఎంతమంది

మా అన్నయ్య, అంటే మా పెదనాన్నగారి అబ్బాయి, తన పళ్ళ వ్యాపారం కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో నన్నెందుకు చేర్చాడో ఆ భగవంతుడికే తెలియాలి. లెక్కల టీచరుగా రిటైరై రాజమండ్రిలో నా మానాన నేను పప్పూ చారూ వండుకుంటుంటే, జూన్ వచ్చేసరికి రోజూ పొద్దున్నే నేరేడు పంట కబుర్లు నా చెవిలో పడతాయి. చెప్పేది మేస్త్రి. ఒకప్పుడు చెట్లెక్కి పళ్ళు కోసే మనుషులకి పెద్ద. ఇప్పుడు ఎక్కలేడు. తోటల వాళ్ళకి ఫోన్లు చేసి ఎక్కడ వాన పడింది, ఎక్కడ కాయ నిలిచింది కనుక్కుని అందరికీ వినిపిస్తాడు. ఇవాళ కాఫీ కలుపుకుంటూ అతని వాయిస్ మెసేజ్ నొక్కాను. “నమస్కారమండి. తుని వైపు చినుకులు పడ్డాయండి, కాయింకా ఎరుపు మీదే ఉంది, నాల్రోజులు ఆగాలండి. సామర్లకోట దగ్గర పండు నల్లబడిందండి, గాలి లేదు. గోదావరి లంకల్లో పూతప్పుడే రాలిపోయింది కదండీ, అక్కడేం లేదు. మన కాలవగట్టు తోట రేపు ఎక్కుతున్నామండి. లెక్కకి మనిషి కావాలండి. ఉంటానండి.” అక్కడితో అయిపోవాలి. అవలేదు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత ఇంకెవరో, చాలా మర్యాదగా, “ఆయ్” అన్నారు.

మూడుసార్లు విన్నాను. కాఫీ చల్లారిపోయింది. గ్రూపులో అందరూ బొటనవేళ్ళు పెట్టేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మా జిల్లాలో పిలిస్తే ‘ఆయ్’ అనడం కొత్తేమీ కాదు, పాలబ్బాయి దగ్గర్నుంచి ప్లీడరుగారి దాకా అందరూ అంటారు. కానీ ఆ గొంతు నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. తొమ్మిదేళ్ళ కిందట, ఆ కాలవగట్టు తోటలోనే.

పెదనాన్నది పూత మీద కొనే వ్యాపారం. చెట్టు పూతలో ఉండగానే తోట మాట్లాడేసుకోవడం, ఆ తరవాత గాలికీ వానకీ దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చోవడం. పెద్దమ్మ “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలీదండీ” అని దెప్పితే, ఆయన “ప్రాణం సంగతేమో గానీ వాన రాకడ నాకు తెలుసునే, తునిలో ఫోనుంది” అనేవారు. ఆ మాట నిజమే. బంగాళాఖాతంలో వాయుగుండం ఏదన్నా పట్టిందంటే తుని తోట నుంచి ముందు ఫోనొస్తుంది, కాసేపటికి సామర్లకోట నుంచి, ఇంకాసేపటికి మన నెత్తిన చినుకు. ఆ మధ్యలో దొరికిన టైములో పళ్ళు దింపేయాలి. పండిన నేరేడు మీద గట్టి వాన పడిందా, తొక్క పగిలి రాలిపోతుంది, కాకులకి కూడా పనికిరాదు. పెదనాన్నకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఉందో లేదో ఆయనకే అనుమానం. అయినా ఫోనులో తుని వాన మాత్రం వినిపించేది. పెద్దమ్మ “ఉప్పు తెండి” అంటే వినిపించేది కాదు.

ఆ చెవి మూలంగానే లెక్కకి మనిషి కావలసి వచ్చేది. నేరేడు చెట్టుని నమ్మడానికి లేదు. వేపకొమ్మ విరిగే ముందు కిర్రుమని చెబుతుంది, నేరేడు కొమ్మ చెప్పదు, పుటుక్కుమంటుంది. ఆకేమో దట్టం, ఎక్కిన మనిషి కిందకి కనిపించడు, పక్క కొమ్మ మీదున్న వాడికీ కనిపించడు. అందుకని కింద నుంచి పెదనాన్న “ఓహోయ్” అని కేకేస్తే, పైనున్న వాళ్ళు ఒకరి తరవాత ఒకరు “ఆయ్” అనాలి. ఎవరి గొంతు ఏ కొమ్మ మీద నుంచి వచ్చిందో విని, ఆ కొమ్మ మనిషిని మోస్తోందని మిగతావాళ్ళు తెలుసుకుంటారు, అవసరమైతే అటు జరుగుతారు. లెక్కపెట్టే వాళ్ళు మాత్రం చెట్టుకి వీపు పెట్టి పీట మీద కూర్చోవాలి. చూస్తే కళ్ళు మోసం చేస్తాయట, కనిపించిన వాణ్ణి కూడా విన్నట్టే లెక్కేసేస్తామట. ఎప్పుడూ పెద్దమ్మే కూర్చునేది. ఆ ఏడు ఆవిడకి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. ఆదివారం, బడి లేదు కదా అని నన్ను పంపింది. అప్పటికి నాకింకా ఉద్యోగం ఉంది.

బయల్దేరే ముందు దగ్గరికి పిలిచి చెప్పింది. “ఒకటి తగ్గితే కేకెయ్యి, పరిగెత్తుకొస్తారు. ఒకటి ఎక్కువైతే మాత్రం మాట్లాడకుండా అందర్నీ దింపెయ్యి. ఆ రోజుకి ఆ చెట్టు ముట్టుకోకూడదు.” నేను నవ్వాను. “ఎక్కువెలా అవుతుంది పెద్దమ్మా, చెట్టేమన్నా పిల్లల్ని పెడుతుందా?” అన్నాను. ఎప్పుడూ మాటకి మాట అంటించే మనిషి, ఆవేళ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ ఏడాది పెదనాన్నకి మిగిలింది ఆ ఒక్క తోటే. తుని తోటలో ఏప్రిల్ గాలికి పూత రాలింది, లంకలో పిందె పురుగు పట్టింది. ఇది కూడా పోతే ఇంక పూత మీద కొననని, కొట్టు మూసేస్తానని పెద్దమ్మతో అన్నారట. అరవై ఏళ్ళుగా పళ్ళ వాసన తప్ప మరో వాసన ఎరగని మనిషి. మేము వెళ్ళేసరికి తెల్లవారింది గానీ వెలుతురు రాలేదు, మబ్బు చెట్ల నెత్తి మీదకి దిగిపోయింది. కాలవలో నీళ్ళు కదలడం లేదు. నేరేడు పళ్ళ వాసన ఒక రకంగా ఉంటుంది, వగరుగా, కాస్త పులిసినట్టుగా. అది గాలిలో కదలకుండా నిలబడిపోయి ఉంది. పిట్ట ఒక్కటి అరవలేదు. అన్ని పళ్ళున్న చెట్టు మీద పిట్టలు లేకపోవడమేంటా అని నాకు అప్పుడే తట్టాల్సింది. పీట వేసుకుని, చెట్టుకి వీపు పెట్టి, దారికేసి చూస్తూ కూర్చున్నాను.

నలుగురు ఎక్కారు. మేస్త్రి, అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు. బుట్టలు తాళ్ళతో దిగుతున్నాయి. మొదటి కేకకి నాలుగు జవాబులు. రెండో కేకకీ నాలుగే. అప్పుడే తుని నుంచి ఫోను, వాన మొదలైందని. పెదనాన్న కంగారు పడుతూ మూడో కేకేశారు. ఆయ్, ఆయ్, ఆయ్, ఆయ్. నాలుగు వేళ్ళూ మడిచాక బొటనవేలు ఒక్కటే మిగిలింది నాకు. కాస్త ఆగి, కాలవ మీదకి వాలిన తూర్పు కొమ్మ వైపు నుంచి ఇంకొకటి. “ఆయ్.” తొందరేమీ లేదు ఆ గొంతులో. పిలిస్తే పలికినట్టుంది, అంతే. నా బొటనవేలు దానంతటదే మడుచుకుంది.

భయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు. రూలు తప్పి వెనక్కి తిరిగి చూశాను. తూర్పు కొమ్మ మీద ఆకు కూడా కదలడం లేదు. ప్రతిధ్వని అనుకున్నాను. ప్రతిధ్వని అయితే నాలుగింటికీ రావాలి కదా అని నా లెక్కల బుర్రే నాకు ఎదురు చెప్పింది. ఈలోపు సామర్లకోట ఫోను కూడా వచ్చేసింది, అక్కడ కుండపోతట. పెదనాన్న నా వైపు తిరిగారు. ఆయన మొహం చూడలేకపోయాను.

“ఎన్నమ్మా?”

అయిదంటే అందర్నీ దింపాలి. వాన వచ్చేస్తుంది. పంట పోతుంది, కొట్టు మూత పడుతుంది. పైగా చదువుకున్నదాన్ని, దేనికి అయిదన్నానో రేపు స్టాఫ్ రూములో ఎవరికైనా చెప్పగలనా?

“నాలుగే పెదనాన్నా” అన్నాను. చెవిటి ఆయనకి వినపడాలని గట్టిగానే అన్నాను.

ఎంతోసేపు పట్టలేదు. పుటుక్కుమన్న చప్పుడు, ఆ వెనకే బుట్టలోంచి పళ్ళు నీళ్ళలో పడ్డ చప్పుడు. మేస్త్రి కాలవగట్టు మీద పడి ఉన్నాడు. తూర్పు కొమ్మ మొదలంటా విరిగి అతని పక్కనే పడింది. పళ్ళ ట్రాలీ ఆటోలోనే అతన్ని పడుకోబెట్టి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకొచ్చాం. దారిలో వాన అందుకుంది. నడుం దగ్గర ఎముక విరిగిందన్నారు. మంచం పక్కన నిలబడితే, నొప్పిలో కూడా గారూ అండీ మరిచిపోకుండా నన్ను అడిగాడు. “టీచరుగారండి, తూర్పు కొమ్మ మీద మనోడు పలికాడు కదాని అటు అడుగేశానండి. ఎవడండీ అక్కడున్నది?” మిగతా ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళెవరూ అటు వెళ్ళలేదు. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

పంట మొత్తం ఆ మధ్యాహ్నమే రాలిపోయింది. పెదనాన్న నిజంగానే కొట్టు మూసేశారు. పోయేదాకా ఒకటే మాట, “నా చెవులు సరిగ్గా ఉంటే వాడి నడుం విరిగేది కాదమ్మా” అని. నా ఎదురుగా కూర్చుని అనేవారు. నోట్లో మాట ఉండి కూడా మింగేశాను. అన్నం తిన్నట్టే రోజూ మింగాను. పెద్దమ్మ మాత్రం నా వేళ్ళకేసి చూసేది. ఇద్దరూ కాలం చేశారు. అన్నయ్య కొట్టు మళ్ళీ తెరిచి మేస్త్రిని ఫోన్ల మీద కూర్చోబెట్టాడు. ఆ తోట జోలికి మాత్రం ఈ ఏడు దాకా ఎవరూ పోలేదు.

కాఫీ పారబోసి మేస్త్రికి ఫోను చేశాను.

“మేస్త్రిగారూ, పొద్దున్న మీరు మాట్లాడుతున్నప్పుడు పక్కనెవరున్నారు?”

“ఎవరూ లేరండి. తోటలోకొచ్చి కాయ చూసుకుని, చెట్టు కిందే నిలబడి పెట్టానండి. ఏమండీ?”

ఇంక ఆపుకోలేకపోయాను. “ఆ రోజు నాకు అయిదు వినపడ్డాయండీ. నాలుగని అబద్ధం చెప్పాను. మీ నడుం నావల్లే పోయింది.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“తెలుసండి” అన్నాడు.

“ఎలా తెలుసు?”

“ఆసుపత్రిలో పడుకుని ఆలోచిస్తే తెలిసిందండి. అయ్యగారు ‘ఎన్నమ్మా’ అన్నాక మీరు చాలాసేపు ఆగారు. నాలుగనడానికి అంతసేపు పట్టదు కదండీ.”

ఏడుపొచ్చింది. ముసలితనంలో ఏడుపు ముక్కులోంచి వస్తుంది, పాడు ఏడుపు. “మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అడగలేదేం?”

“అడిగితే మీరు మళ్ళీ నాలుగే అంటారేమోనని భయమేసిందండి” అన్నాడు. తరవాత, మామూలు పంట కబురు చెప్పినట్టే చెప్పాడు. “రేపు మా అల్లుడు ఎక్కుతున్నాడండి. లెక్కకి మీరే రావాలి. మీరు పీట మీద కూర్చుంటేనే వాణ్ణి ఎక్కిస్తాను. ఎన్ని వినపడితే అన్నీ చెప్పండి, చాలు.”

వస్తానన్నాను. పెద్దమ్మ పీట అటక మీద నుంచి దింపి తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి కాలము, దూరము లెక్కలు చెప్పి పాస్ చేయించాను గానీ, నాలుగు నుంచి అయిదుకి చేరడానికి తొమ్మిదేళ్ళు పడుతుందని నాకే తెలియలేదు.